కంప్యూటరు కొనబోవువారికి: పాత ర్యామా, క్రొత్త ర్యామా?

గడచిన వేసవిలో పరీక్షాఫలితములు తెలిసిన వారము దినములకు, మన పాఠశాలలో పదవ తరగతి ముగించిన యొక బాలుని తల్లి ముప్పది వేల రూపాయలు కొంగున మూటగట్టుకొని మాయొద్దకు వచ్చెను. అందు కొంత పెయ్యదూడ నమ్మగా వచ్చినది. మిగిలినది పాలడబ్బులలో నెలనెల మిగిల్చినది. బాలుడు పాలిటెక్నిక్‌లో చేరుచున్నాడు. వానికి కంప్యూటరు కావలెను. ఆమె ముందు దినమున పట్టణములో నొక దుకాణమునకు బోయి రెండు కొటేషను చీటీలు వ్రాయించుకొని వచ్చినది. రెంటిలోను ప్రాసెసరు ఒక్కటే, క్యాబినెట్టు ఒక్కటే. ఒక చీటీలో ర్యామ్ డి.డి.ఆర్.4 అనియు, రెండవ చీటీలో డి.డి.ఆర్.5 అనియు నున్నది. మొత్తములలో తేడా మాత్రము ఆమెకు రెండు నెలల పాలడబ్బునకు సరిపోవును.

“మేష్టారూ, నాలుగు కంటె అయిదు పెద్దది గదండీ. పెద్దదే తీసుకోమ్మా అన్నాడండి కొట్టువాడు. మీరేమంటారు?” అని ఆమె యడిగినది.

మే మిరువురము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. నాలుగు, అయిదు అను నంకెలను బట్టి ర్యామ్ మంచిచెడ్డలు నిర్ణయించుట, తరగతి సంఖ్యను బట్టి పిల్లవాని తెలివిని నిర్ణయించుట వంటిదే యని మాత్రము తెలియును. సాయంకాలము కూర్చుండి, రెండు చీటీలును ముందు పెట్టుకొని, మాకు తెలిసినది తెలియనిది వేఱుచేసి చూచుకొంటిమి. ఇట్టి ప్రశ్న మన పిల్లల యిండ్లలో ననేకులకు వచ్చునది గనుక ఆ విచారణనే యిచ్చట వ్రాయుచున్నాము.

విద్యార్థులారా, ముందుగా ర్యామ్ అన నేమో చూతము. అనకాపల్లి బెల్లపు సీమలో నుండి బెల్లపు గానుగ చూడనివారు మీలో నుండరు. చెఱకు పొలములో నున్నది. గానుగ వేఱొకచోట నున్నది. పొలమునుండి బండి వచ్చునంతవఱకు గానుగ ఆగియుండినచో పెనములోనికి రసము దిగదు. కావున ముందే చెఱకు నఱికి తెచ్చి గానుగ ప్రక్కన గుట్టగా వేసికొందురు. కంప్యూటరులో ప్రాసెసరు గానుగ. ఎస్.ఎస్.డి. గాని హార్డుడిస్కు గాని పొలము. ర్యామ్ గానుగ ప్రక్కనున్న యా గుట్ట. గుట్ట వేయుటకు జాగా యెంత యున్నదో దానిని జి.బి.లలో చెప్పుదురు. గుట్టనుండి గానుగనోటికి గంట కెంత చెఱకు అందింపవచ్చునో అది వేగము. “అందుకో” యని కేకవేసిన పిదప మొదటి గడ చేతికి వచ్చుటకు పట్టు కాలము మఱియొకటి. దానిని లేటెన్సీ యందురు. ఈ మూడును మూడు వేర్వేఱు సంగతులు. దుకాణములలో జరుగు పొరపాటులన్నియు ఈ మూటిని ఒక్కటిగా కలిపి మాటలాడుటవలననే పుట్టుచున్నవి.

ఈ గుట్టకు మఱియొక విచిత్రగుణము కలదు. కరెంటు పోయిన మఱుక్షణమున నిది మాయమగును. దానికి కారణము తెలిసికొనదగినది. అమెరికా దేశమున ఐ.బి.ఎమ్. సంస్థలో పనిచేసిన రాబర్టు డెన్నార్డు అను ఇంజనీరు 1966లో ఈ జ్ఞాపకవిధానమును ఊహించి 1968లో దానికి పేటెంటు పొందెను. ఒక్కొక్క బిట్టునకు ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు, అంతే. కెపాసిటరు విద్యుత్తును నిలుపు కుండ. కాని అది ఓటికుండ. కాఱిపోకముందే మరల నింపుచుండవలెను. డి.డి.ఆర్.4లో ప్రతికుండను 64 మిల్లీసెకన్ల కొకసారియు, డి.డి.ఆర్.5లో 32 మిల్లీసెకన్ల కొకసారియు నింపుట సాధారణ నియమము. మీరు ఒకసారి కనుఱెప్ప వేయునంతలో కోట్లకొలది కుండలు నిండుచున్నవన్నమాట. డెన్నార్డు 2024లో మరణించెను. పలకల పేరులు మాఱినవిగాని లోపలి ఓటికుండ నేటికిని అతడు చేసినదే.

డి.డి.ఆర్. అనగా గడియారపు ఒక్కొక్క కొట్టుడునకు రెండుమార్లు సమాచారము నందించు పద్ధతి. జెడెక్ అను ప్రమాణసంఘము దీని మొదటి ప్రమాణమును 2000లోను, నాలుగవదానిని 2012 సెప్టెంబరులోను, అయిదవదానిని 2020 జూలైలోను ప్రకటించినది. అయిదవ తరము పలకలు 2021 నవంబరులో ఇంటెల్ వారి 12వ తరము ప్రాసెసర్లతో గూడ దుకాణములకు వచ్చినవి. ఆ ప్రాసెసర్లు మాత్రము రెంటిని నెఱుగును. ఏది పెట్టవలెనో నిర్ణయించునది మదర్‌బోర్డు. ఎ.ఎమ్.డి. వారు 2022 సెప్టెంబరులో తెచ్చిన ఎ.ఎమ్.5 బోర్డులు పాత ర్యామును పూర్తిగా విడిచిపెట్టినవి. 2024 అక్టోబరులో వచ్చిన ఇంటెల్ వారి బల్లపై కంప్యూటర్ల కోర్ అల్ట్రా ప్రాసెసర్లును అట్లే చేసినవి. అనగా ర్యామును ఎన్నుకొనుట యనునది వట్టి పలకను ఎన్నుకొనుట కాదు. బోర్డును, దానివెంట ప్రాసెసరును కూడ ఎన్నుకొనుటయే.

ఇచ్చట మా తప్పిదమొకటి చెప్పుకొనవలెను. రెండుతరముల పలకలును ఒకే పొడవు గలవి. రెంటికిని 288 పిన్నులే. కాని అంచుననున్న గాటు రెంటిలోను వేఱువేఱు చోటులలో నుండును. ఒక పూర్వవిద్యార్థి తెచ్చిన పలకను పఠనమందిరపు కంప్యూటరులో పెట్టబోయి, పిన్నుల లెక్క సరిపోయినదను ధైర్యమున, ఎక్కకపోయినను గట్టిగా నొక్కితిమి. పలక దిగలేదు, గాడి చివరనున్న కొక్కెము మాత్రము విఱిగినది. అప్పటినుండి ఆ గాడికి రబ్బరుపట్టీ చుట్టి నడుపుచున్నాము. గాటు కుదురనిచో నది ఆ బోర్డుదికాదు. ఇందులో బలముతో పనిలేదు.

ఇక లెక్క చేసి చూతము. ఒక పలకనుండి ప్రాసెసరునకు 64 బిట్ల వెడల్పుగల దారి యున్నది. అనగా 8 బైట్లు. డి.డి.ఆర్.4–3200 అనునది సెకనుకు 320 కోట్లసార్లు అందించును. 320 కోట్లను 8 చే గుణింపగా సెకనుకు 25.6 జి.బి. వచ్చును. డి.డి.ఆర్.5–4800కు అదే లెక్కన 38.4 జి.బి., 6000 పలకకు 48 జి.బి. వచ్చును. ఇంతవఱకు కొట్టువాని మాటయే గెలిచినది.

కాని లేటెన్సీ లెక్కయు చేయవలెనుగదా. పలకమీద సి.ఎల్. అని యొక సంఖ్య యుండును. దానిని 2,000 చే గుణించి వేగసంఖ్యచే భాగించినచో నానోసెకన్లు వచ్చును. డి.డి.ఆర్.4–3200, సి.ఎల్.16 పలకకు 10 నానోసెకన్లు. డి.డి.ఆర్.5–4800, సి.ఎల్.40 పలకకు 16.7 నానోసెకన్లు. 6000, సి.ఎల్.36 పలకకు 12, 6000, సి.ఎల్.30 పలకకు మరల 10. చూచితిరా! వెలతక్కువ క్రొత్తపలక గుట్టనుండి ఎక్కువ చెఱకు నందించును గాని మొదటిగడ అందించుటకు ఎక్కువసేపు తీసికొనును. ఈ ఆలస్యమును తీర్చు క్రొత్తపలకలు దొరకును గాని వానికి వెల హెచ్చు. దుకాణపు చీటీలో సి.ఎల్. సంఖ్య వ్రాయుట అరుదు. అడిగి వ్రాయించుకొనుడు.

ఇంతకును మన బాలుడు చేయు పనికి ఈ తేడాలు తెలియునా? తెలుగులో వ్యాసము టైపుచేయుట, పాఠము వీడియోగా చూచుట, సి భాషలో చిన్న ప్రోగ్రాములు వ్రాయుట, ఆటోక్యాడ్‌లో నొక చిన్న బొమ్మ గీయుట, వీనిలో 3200కును 4800కును గల భేదము కనిపెట్టగల చేయి యెవ్వరికిని లేదని మా యనుభవము. కనిపెట్టగలిగినది వేఱొకటి: గుట్టకు జాగా చాలకపోవుట. బ్రౌజరులో పదిపండ్రెండు పుటలు తెఱచి, ప్రక్కన పాఠపు వీడియో నడచుచుండగా 4 జి.బి. యంత్రము పొలమునకు బండిని పంపి కూర్చుండును. 8 జి.బి. యున్న ఓపికతో గడుపవచ్చును. 16 జి.బి. యున్న కొన్ని సంవత్సరములు దానిని మఱచిపోవచ్చును. కావున ఉన్నసొమ్ములో 8 జి.బి. క్రొత్తరకమా, 16 జి.బి. పాతరకమా యనుచోట మేము సంకోచింపక 16 జి.బి. పాతరకమే యందుము.

ఒక మినహాయింపు కలదు. వేఱుగా గ్రాఫిక్సు కార్డు లేని యంత్రములలో తెఱపై బొమ్మను నడుపు భాగమును ఈ గుట్టలోని చెఱకునే వాడుకొనును. ఆటలాడువారికిని, వీడియోలు కూర్చువారికిని అచ్చట వేగము నిజముగా ఉపకరించును. అట్టివారికి క్రొత్తరకము మేలు. అంతకంటె ముఖ్యము, పలకలు రెండు వేయుట. ఒక 16 జి.బి. పలక వేయుటకంటె రెండు 8 జి.బి. పలకలను సరియైన గాళ్లలో వేసినచో దారి వెడల్పు 128 బిట్లగును, డి.డి.ఆర్.4–3200కే 51.2 జి.బి. వచ్చును. “డి.డి.ఆర్.5లో ఒక్కపలకయే రెండింటి పెట్టు” అని కొందఱు చెప్పుచుందురు. ఆ పలకలో దారిని 32 బిట్లచొప్పున రెండుపాయలుగా చీల్చిన మాట నిజమే. మొత్తము వెడల్పుమాత్రము 64 బిట్లే. కాలువను రెండుగా చీల్చినంతమాత్రమున నీరు రెట్టింపగునా? మఱియు 8 జి.బి. క్రొత్తపలకలలో సాధారణముగా నాలుగే చిప్పులుండును. వానిలో బ్యాంకుల గుంపులు సగమే యగుటచే పెద్దపలకల చుఱుకు వానికి రాదు.

కరెంటు విషయమున నొక యపోహ యున్నది. డి.డి.ఆర్.4 పలక 1.2 వోల్టులతోను, డి.డి.ఆర్.5 పలక 1.1 వోల్టులతోను పనిచేయును; క్రొత్తపలకపైననే విద్యుత్తును సరిచేయు చిన్న చిప్పు గలదు. దీనిని విని, గాలివానలకు కరెంటు పోవుచు వచ్చుచునుండు మన యూళ్లలో క్రొత్తపలకయే క్షేమమని తలంచువారున్నారు. అది సరికాదు. కరెంటు పోయినచో రెండుకుండలును ఒక్కటిగానే ఎండును. ఆ చిన్నచిప్పు చేయుపని బోర్డులోపలి సంగతి. స్తంభము మీది సంగతి కాదు. యు.పి.ఎస్. కొనవలసినవారు కొనవలసినదే. అట్లే క్రొత్తచిప్పులలో తమ తప్పులను తామే దిద్దుకొను ఏర్పాటు కలదని పెట్టెమీద వ్రాయుదురు. అది చిప్పు లోపలివఱకే. సర్వరులలో వాడు సంపూర్ణమైన ఇ.సి.సి. అది కాదు.

క్రొత్తరకము వాడుకలో మాకు కలిగిన భయమొకటి చెప్పి ముందునకు పోదము. ఆఫీసుగదికి ఎ.ఎమ్.5 బోర్డు బిగించి మొదటిసారి స్విచ్చి వేసితిమి. ఫ్యాన్లు తిరుగుచున్నవి, తెఱ నల్లగానే యున్నది. ఒక నిమిషము చూచితిమి, రెండు నిమిషములు చూచితిమి. సొమ్మంతయు గంగపాలయ్యెనని ప్లగ్గు ఊడబెఱికితిమి. మరల వేయగా మరల అదే తీరు. తుదకు తెలిసినదేమన, ఆ బోర్డులు మొదటిసారి ర్యామును పరీక్షించి తమతో కుదుర్చుకొనుటకు కొన్ని నిమిషములు తీసికొనును. మేము ప్రతిసారియు ఆ పని నడుమనే చెఱచుచుంటిమి. మూడవసారి టీ త్రాగివచ్చులోపల తెఱ వెలిగినది.

ఇక ధరలు. పాతది చవుక, క్రొత్తది ప్రియము అను లోకన్యాయము ఇచ్చట చెల్లుట లేదు. ప్రపంచమున ఈ చిప్పులను ముఖ్యముగా చేయువారు శామ్‌సంగ్, ఎస్.కె. హైనిక్స్, మైక్రాన్ అను మూడుసంస్థలవారు. కృత్రిమమేధకై కట్టు పెద్ద సర్వరుశాలలకు కావలసిన రకములవైపు వారు మొగ్గుటచే 2025లో డి.డి.ఆర్.4 తయారీ తగ్గి దాని వెల పెరిగినది. ఆ సంవత్సరాంతమునకు డి.డి.ఆర్.5 వెలయు మిక్కిలి పెరిగినది. మైక్రాన్ వారు చిల్లర దుకాణములలో మనమెఱిగిన క్రూషియల్ పేరిటి పలకల వ్యాపారమును విడిచిపెట్టుచున్నామని 2025 డిసెంబరులో ప్రకటించిరి. హైదరాబాదున ఇంజనీరింగు కార్యాలయము, గుజరాతులోని సానంద్‌లో కర్మాగారము గల సంస్థయే యిది. ఎక్కడనో కట్టు సర్వరుశాలకు రోలుగుంటలోని పెయ్యదూడకు సంబంధమేమని యడుగువారికి ఇదియే సమాధానము. కావున నిరుడు ఎవరో చెప్పిన ధరను నమ్మక, కొను దినముననే రెండుచీటీలు వ్రాయించి, బోర్డు, ర్యామ్ కలిపిన మొత్తమును పోల్చుకొనవలెను. ర్యామ్ ఒక్కదానిని పోల్చిన మోసపోదుము.

పాతరకమునకున్న లోపమును దాచరాదు. డి.డి.ఆర్.4 పెట్టు బోర్డులు తమ దారి చివరకు వచ్చినవి. ఇంటెల్ 12, 13, 14వ తరములు నడచు బోర్డులో అంతకు మించిన ప్రాసెసరు పెట్టుటకు వీలులేదు. తరువాత మార్చవలసివచ్చినచో బోర్డు, ర్యామ్, ప్రాసెసరు మూడును మార్చవలసినదే. ఎ.ఎమ్.5 బోర్డుకు 2027 వఱకును, ఆపైనను ప్రాసెసర్లు తెచ్చెదమని ఆ సంస్థవారు చెప్పియున్నారు. నాలుగేండ్లకొకసారి ప్రాసెసరు మార్చు స్తోమతు గలవారికి ఈ మాట విలువైనది. ఒకసారి కొని పాడగువఱకు వాడు ఇండ్లకు దీని విలువ స్వల్పము. మన యిండ్లలో ఎక్కువభాగము రెండవరకమునకు చెందినవే.

సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోటులనుండి కంపెనీలు వాడివిడిచిన సెకండ్‌హ్యాండు పెట్టెలను తెచ్చుకొనువారును గలరు. తప్పులేదు. కాని లోపల డి.డి.ఆర్.3 యున్నచో వలదనుడు. విండోస్ 10కి ఉచిత సంరక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 అంగీకరించు ఇంటెల్ ప్రాసెసర్లు సామాన్యముగా 8వ తరమునుండి మొదలగును, వానితో వచ్చునది డి.డి.ఆర్.4. లినక్సు నేర్చుకొనదలచినవారికి మాత్రము ఈ కట్టుబాటు లేదు. ఏది కొన్నను ఇంటికి తెచ్చినరాత్రి మెమ్‌టెస్టు అను ఉచితపరీక్షను తెల్లవార్లు నడపుడు. తప్పొకటి చూపినను మఱునాడే బిల్లుతో తిరిగి యిచ్చివేయుడు.

ఇప్పుడు ఆ తల్లి చీటీలయొద్దకు వత్తము. రెంటిలోను ప్రాసెసరు ఇంటెల్ ఐ3–12100. రెండురకముల ర్యాముతోను పనిచేయునదే. బోర్డులు రెండును హెచ్610 రకమువే. ఎటుచూచినను తెగక మేము తికమకపడుచుండగా బాలుడే నెమ్మదిగా పలికినాడు: “మా మామయ్యది కంప్యూటరు పిడుగుకి పాడైపోయిందండి. అందులో ర్యామ్ మాత్రం బాగుందన్నారు. ఇంట్లోనే ఉందండి.” మఱునాడు వాడు దానిని గుడ్డలో చుట్టి తెచ్చెను. డి.డి.ఆర్.4–3200, 8 జి.బి. పఠనమందిరపు యంత్రములో రబ్బరుపట్టీ గాడియందే పెట్టి రాత్రంతయు పరీక్షింపగా ఒక్క తప్పును చూపలేదు.

దానితో తీర్పు జరిగిపోయినది. పాతరకము బోర్డు తీసికొన్నారు. ర్యామునకై పెట్టదలచిన సొమ్ము ఎస్.ఎస్.డి.కిని, మంచి ఎస్.ఎమ్.పి.ఎస్.కును, చిన్న యు.పి.ఎస్.కును పోయినది. తెఱకు ఇంటిలోని టీ.వీ.నే హెచ్.డి.ఎమ్.ఐ. తీగతో తగిలించుకొనిరి, సాయంకాలము సీరియలు వేళకు మాత్రము బాలుడు లేచి చోటు విడువవలెను. ఆమె మూటలో నూటయేబది రూపాయలు మిగిలినవి. వానితో విశాఖపట్టణమునుండి నర్సీపట్నమునకు బస్సెక్కి వచ్చితిమని చెప్పినది.

ఒక్కపలకతో దారి సగమే వెడల్పుగా నున్నదని మేము చెప్పియే యున్నాము. రెండవ పలకను సంక్రాంతి తరువాత, బెల్లము సొమ్ము చేతికి వచ్చినపుడు, అప్పటిధర చూచి కొందురట. ప్రస్తుతము రెండవగాడి ఖాళీగా నున్నది. దుమ్ము చొరకుండ బాలుడు దానికి కాగితపు ముక్కనొకదానిని మడిచి యంటించినాడు.